గడ్డి గదిలో దాచిన పిల్లలు

హాస్టలు, మూడో అంతస్తు గది
వానలు మొదలైన వారం

పిన్నికి,

నా మీద నువ్వు మోపిన నేరం ఇదీ: మీ బుట్టల షెడ్డుకున్న ఫెయిర్ ట్రేడ్ ముద్రను, అదే ఆ న్యాయ వ్యాపారం ముద్రను, ఇచ్చిన సంస్థవాళ్ళు నిలిపివేయడానికి కారణం నేనేనని. "నీ సలహా విని చెడ్డామే లాపాయింటూ!" అని ఫోనులో అరిచి, నేను నోరు తెరిచేలోగా పెట్టేశావు. ఫోనులో నేను నిన్ను మాట్లాడనివ్వననీ, ఇకమీదట ఏదున్నా ఉత్తరం రాయమనీ అమ్మతో కబురు పంపావు. మంచిదే. ఉత్తరంలో ఎవరి మాటకూ ఎవరూ అడ్డు రాలేరు కనుక, నా వాదన నువ్వు చివరిదాకా వినక తప్పదు.

తనిఖీ మనిషి వస్తోందని నువ్వు చెప్పినప్పుడు, ఆ రోజు షెడ్డులో పిల్లలెవరూ ఉండకూడదని చెప్పింది నేనే. తల్లుల ఒళ్ళో కూర్చుని గడ్డిపోచలతో ఆడుకునే పిల్లలు బయటివాళ్ళ కంటికి చాకిరీ చేస్తున్న పిల్లల్లా కనిపిస్తారని చెప్పాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కాని పిల్లలను ఇళ్ళకు పంపమన్నానే తప్ప, ఎండుగడ్డి నిలవచేసే గదిలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టమన్నానా? తలుపు తీసిన మనిషికి చీకట్లో, గడ్డికట్టల మధ్య, గుడ్లప్పగించి చూస్తున్న పిల్లలు కనిపిస్తే ఆవిడ ఏమనుకోవాలి? దాచారంటే దాచవలసిన కారణం ఉందనుకోదా? ఆ స్థానంలో నేనున్నా అలాగే రాసేదాన్ని.

ఇక నా ఎదురు అభియోగం వినిపిస్తాను. అది నీ మీద కాదు, ఆ ముద్ర మీద. అల్లే చేతులకు పరీక్ష పెట్టే ఈ ఏర్పాటు, కొనే చేతులకు ఏ పరీక్ష పెట్టింది? మీ బుట్టలు చేరే గోదాములో మూటలు మోసేవాళ్ళ పిల్లలు ఎక్కడున్నారో ఎవరైనా తలుపు తీసి చూశారా? బీదవాడు తన నిజాయితీని ఏటా రుజువు చేసుకోవాలి. ఉన్నవాడు డబ్బు ఇచ్చి సామాను తీసుకుంటే చాలు, వాడు నిజాయితీపరుడే. దీన్ని న్యాయమంటున్నారు! వచ్చే నెల మా కాలేజీలో చర్చా పోటీ ఉంది. 'న్యాయ వ్యాపారం వెనకబడిన దేశాలను నిలబెడుతుంది' అన్నది విషయం. చీటీల్లో నాకు ప్రతిపక్షం వచ్చింది. అడిగినా అదే తీసుకునేదాన్ని.

నేరం నాది కాదు. తీర్పు రాసి పంపు.

నీ అక్క కూతురు


బుట్టల షెడ్డు, రంగు తొట్ల పక్కన

లాపాయింటుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరికీ చదివి వినిపించాను. రంగులమ్మ విని, "ఇది ఉత్తరమా, లాయరు నోటీసా? మనం జవాబివ్వకపోతే జైలేనా?" అంది. రంగులు కాచే మనిషి కదా, దాని నోరు కూడా ఎప్పుడూ పొయ్యి మీదే ఉంటుంది.

పిల్లల్ని ఇళ్ళకు పంపమన్నావు. ఏ ఇళ్ళకే? ఇంట్లో ఉండే ఆడవాళ్ళమంతా షెడ్డులోనే ఉన్నాం. మగవాళ్ళు పనులకు పోయారు. బడి ఈడు రానివాళ్ళని ఎవరికి అప్పజెప్పాలి, గోడలకా? నువ్వు ఆ సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. తీర్పు అంటే ఇంతే. నాకింతకన్నా రాదు.

ఆ రోజు ఏం జరిగిందో ఫోనులో చెప్పే ఓపిక లేకపోయింది, ఇప్పుడు విను. ఆవిడ తెల్లబూట్లు వేసుకుని వచ్చింది. నిదానంగా మాట్లాడే మనిషి. తూకం చూసింది, రంగు తొట్లు చూసింది, అంచు పెద్దమ్మ బుట్టకి అంచు కట్టి ముగించే పద్ధతి చూసి ముచ్చటపడింది. అంతా అయి, సంచీ భుజానికి తగిలించుకుంటుండగా గదిలోంచి తుమ్ము వినిపించింది. పిల్లల్లో అందరికన్నా చిన్నవాడు, బుడంకాయగాడిది. అది నా తుమ్మేనని నమ్మించడానికి నేనూ గట్టిగా తుమ్మాను. పెద్దమ్మ తెలివి చూడు, తనూ తుమ్మింది. రంగులమ్మ ముక్కు నలుపుకుంది. ఈలోగా గడ్డి దుమ్ముకి లోపల పిల్లలంతా ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు. "ఈ గదికి జలుబు చేసిందా?" అని ఆవిడ అడిగింది. నవ్వలేదు. వెళ్ళి గొళ్ళెం తీసింది.

ఇప్పుడు నీ పోటీ సంగతి. మాట్లాడు, వద్దనను. కాని ముద్ర రాకముందు ఎలా ఉండేదో నువ్వు ఎరగవు, అప్పటికి నువ్వింకా పలక పట్టుకున్నావు. బేరగాడు వచ్చి బుట్ట బోర్లించి దాని మీద కాలు పెట్టి నొక్కేవాడు. నలిగితే నాసిరకం. నలగకపోతే రంగు వెలిసిందనేవాడు. ధర ఎంతో ఆయన మొహం చూసి తెలుసుకోవాలి, ఆ మొహం ఇంట్లో భార్యతో గొడవపడి వచ్చిన మొహమైతే మా ఖర్మ. ముద్ర వచ్చాక గడ్డి నానబెట్టకముందే ధర తెలుస్తోంది. సగం సొమ్ము ముందే చేతికొస్తోంది. బుట్ట మీద ఎవడూ కాలు పెట్టడం లేదు. నీ పోటీలో ఆ కాలు గురించి కూడా చెప్పవే అమ్మా.

ముద్ర మళ్ళీ వచ్చేదాకా కొత్త ఆర్డర్లు లేవు. బేరగాడు మొన్న వచ్చాడు. కూర్చున్నాడు. వెళ్ళాడు. మేమంతా బాగున్నాం. నువ్వు వేళకు తిను.

నీ పిన్ని


హాస్టలు, అదే గది
పరీక్షల ముందు

పిన్నికి,

నీ ఉత్తరంలో తుమ్ములకు అర పేజీ ఇచ్చావు. బేరగాడికి మూడు ముక్కలిచ్చావు: వచ్చాడు, కూర్చున్నాడు, వెళ్ళాడు. నువ్వు దాచే విషయం దగ్గర నీ వాక్యాలు పొట్టివైపోతాయని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊరికే కూర్చుని వెళ్ళడానికి అది ఆయన అత్తవారిల్లు కాదు. ఏం అడిగాడు? నువ్వు ఏం చెప్పావు? ఈ రెంటికీ జవాబు కావాలి.

ముద్ర ఇచ్చే సంస్థకు ఈ నగరంలో ఒక చిన్న కార్యాలయం ఉంది. మిఠాయి దుకాణం పైన రెండు గదులు. నేను పోట్లాటకు సిద్ధమై, మెట్లెక్కుతూ మూడు వాదనలు వరసగా పేర్చుకుని వెళ్ళాను. అక్కడి గుమాస్తా నాతో పోట్లాడలేదు. కుర్చీ చూపించి, "చెప్పండమ్మా" అన్నారు. అంతకన్నా చిరాకు మరొకటి ఉండదు. నేను చెప్పిందంతా విని ఆయన అన్నది ఇది: "పిల్లలు షెడ్డులో ఉండటం తప్పు కాదమ్మా. వాళ్ళ చేత పని చేయించడం తప్పు. ప్రమాదం ఉన్నచోట ఉంచడం తప్పు. నిప్పంటుకునే గడ్డి మధ్య కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టడం కన్నా ప్రమాదం ఏముంటుంది?"

పిన్నీ, ఆ గదికి కిటికీ కూడా లేదు కదా? రంగు కాచే పొయ్యి దానికి ఎంత దగ్గరో నాకు తెలుసు. ముద్ర పోతుందన్న బెంగలో మనమెవరమూ ఆ గొళ్ళెం గురించి ఆలోచించలేదు. ఈ మాట నా పోటీకి పనికిరాదు. అయినా నిజం.

ఇప్పుడు చేయవలసిన పని. మీ బుట్టల సంఘం తరఫున వాళ్ళకు రాయండి. పిల్లలను ఎందుకు దాచారో ఉన్నది ఉన్నట్టు రాయండి. మళ్ళీ రమ్మనండి, ముందుగా కబురు చేయకుండా రమ్మనండి. దాచినవాళ్ళ మాట నమ్మించడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఆలస్యం చేస్తే ముద్ర శాశ్వతంగా రద్దవుతుందని గుమాస్తా చెప్పారు.

జవాబు పొడుగు వాక్యాల్లో రాయి.

నీ అక్క కూతురు


బుట్టల షెడ్డు
ముసురు పట్టింది, గడ్డి ఆరడం లేదు

అమ్మడూ,

పొడుగు వాక్యాలు కావాలన్నావు, ఇదిగో తీసుకో. బేరగాడు సంతకాల కోసం కాగితం తెచ్చాడు. ఏడాది పొడుగునా మేం అల్లే ప్రతి బుట్టా ఆయనకే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు. సంతకం పెడితే ఆ రోజే ఆర్డరు ఇస్తానన్నాడు. అది పెట్టామంటే ముద్ర సంగతి ఇక మర్చిపోవచ్చు. సగం మంది పెట్టేద్దామన్నారు. వాళ్ళని తప్పు పట్టలేను, పని లేక చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్ళకి పనిస్తానన్నవాడు దేవుడిలాగే కనిపిస్తాడు. వానలు వెలిసేదాకా ఆగమని ఆయన్ని బతిమాలాను. నవ్వి, "మీ ఇష్టం అక్కగారూ, నాకు తొందరేం లేదు, మీకే ఉండాలి" అన్నాడు.

పిల్లల్ని ఆ గదిలో పెట్టమన్నది నేనే కదా, అందరి కోపం నా మీదే. రంగులమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నాకు చెప్పాల్సింది రంగు తొట్టికి చెబుతోంది. "తొట్టీ, గడ్డి అయిపోయింది, తెప్పించమని చెప్పు" అంటుంది. నేనూ తొట్టికే జవాబు చెబుతున్నాను. మధ్యలో ఆ తొట్టి ఒక్కటే మా ఇద్దరితోనూ మంచిగా ఉంది.

గొళ్ళెం గురించి నువ్వు రాసిన ముక్క మాత్రం బయటికి చదవలేదు. ఒక్కదాన్నే చదువుకుని, వెళ్ళి ఆ గొళ్ళెం ఊడబీకాను. ఆ రోజు పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ ఎగిరి ఉంటే ఏమయ్యేదోనని అప్పటి నుంచి కంటికి కునుకు లేదు.

నువ్వు చెప్పినట్టే వాళ్ళకు రాసి పంపాం. దాని మీద పెద్ద గొడవ అయింది. చెప్పకుండా వస్తే పిల్లలు ఎదురుగానే ఉంటారు, చేతుల్లో గడ్డి ఉంటుంది, అప్పుడేం చేస్తాం? వాళ్ళ చేతుల్లోంచి గడ్డి లాగేసుకుందామని ఒకరన్నారు. "లాక్కుంటే ఏడుస్తారు. ఏడుస్తున్న పిల్లల్ని చూస్తే ఆవిడకి మనమీద ఎంత ప్రేమ పుడుతుందో!" అని పెద్దమ్మ అంది. చివరికి ఏదీ దాచకూడదనే అనుకున్నాం. అనుకున్నాం కాని, గుమ్మంలో చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, అందరం లేచి నిలబడుతున్నాం.

నీ పిన్ని


హాస్టలు
పోటీ మర్నాడు

పిన్నికి,

గెలిచాను. మీకు వ్యతిరేకంగా మాట్లాడి గెలిచానని రంగులమ్మకు చెప్పకు. తొట్టితో నన్ను తిట్టిస్తుంది.

ముద్ర లోపాలన్నీ చెప్పాను. పరీక్ష ఒక వైపుకే ఎందుకని అడిగాను. ముద్ర సంపాదించుకోలేని షెడ్ల మాటేమిటన్నాను. హాలు చప్పట్లతో నిండింది. అప్పుడు ఎదుటి పక్షం అమ్మాయి లేచి ఒకే ప్రశ్న వేసింది: "అయితే వాళ్ళంతా బేరగాళ్ళ దగ్గరకు తిరిగి వెళ్ళాలా?" నాకు నీ ఉత్తరంలోని కాలు గుర్తొచ్చింది. నేను నోరు తెరిచాను. గంట మోగింది. నా సమయం ముగిసిందన్నారు. నా చేతికి కప్పు ఇచ్చారు.

పిన్నీ, నా దగ్గర జవాబు ఉంది. వెళ్ళకూడదు. లోపమున్నదాన్ని సరిచేయమని లోపల నిలబడి పోట్లాడాలి తప్ప, బయటికి నడిచి కాలి కిందకు పోకూడదు. ఆ మాట అనడానికి గంట అడ్డొచ్చిందని చెప్పుకోవచ్చు. నిజానికి, అంటే ఓడిపోతానని నాకు తెలుసు. గెలిచిన రాత్రి ఇంత దిగులుగా ఎప్పుడూ లేను.

ఆవిడ వచ్చిందా? ఒక్క ముక్క రాసినా చాలు.

నీ అక్క కూతురు


బుట్టల షెడ్డు
ఎండ కాసింది

ఒసేయ్ లాపాయింటూ,

వచ్చింది! ముద్ర నిలిచింది! ముందు ఈ రెండు ముక్కలు చదివి ఊపిరి పీల్చుకో, తరవాత తీరిగ్గా మిగతాది చదువు.

జోరున వాన కురుస్తున్న రోజు వచ్చింది. షెడ్డు కప్పు కారుతోంది, ఎక్కడ చూసినా చుక్కల కింద గిన్నెలు, గిన్నెల మధ్య పిల్లలు. ఆవిడ తల మీదుగా రైన్‌కోటు వేసుకుని ఉంది, బూట్లు బురదలో కలిసిపోయాయి, ఎవరమూ పోల్చుకోలేదు. పెద్దమ్మకి అసలే చూపు ఆనదు. ఎవరో కొత్తగా పనికొచ్చిందనుకుని, "కాస్త వీణ్ణి పట్టుకోమ్మా, గడ్డి తడిసిపోతోంది" అని బుడంకాయగాణ్ణి ఆవిడ చేతుల్లో పెట్టేసింది. పెట్టి, "మెడ మీద గోకితే ఏడవడు" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆవిడ వాణ్ణి చంకలో వేసుకునే షెడ్డంతా తిరిగింది. తల మీది టోపీ తీసిన తరవాత గాని మాకు తెలియలేదు. రంగులమ్మ చేతిలో కర్ర తొట్టిలో పడిపోయింది.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగింది. తరవాత రంగులమ్మ చిన్న కూతుర్ని పిలిచి, "నువ్వు అల్లుతావా?" అంది. అది, "అమ్మో! ముట్టుకుంటే మా అమ్మ చెయ్యి విరగ్గొడతానంది" అంది. అయిపోయాం అనుకున్నాను. ఒక నేరం పోయి ఇంకో నేరం వచ్చిపడింది. రంగులమ్మ మొహం చూడాలి, ఇంకా రంగెక్కని తెల్లగడ్డి కన్నా తెల్లగా పాలిపోయింది. "ఎందుకలా అంది?" అని ఆవిడ మెల్లిగా అడిగింది. "నేను సాయం చేస్తే అంచంతా పీకి మళ్ళీ అల్లుకోవాలట. నా సాయం వద్దు తల్లీ, పోయి ఆడుకో అంటుంది" అంది ఆ పిల్ల, పెద్ద అన్యాయం జరిగినట్టు. ఆవిడ నవ్వేసింది. ఈ మనిషికి పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది మాకు.

చివర్న నన్ను అడిగింది, ఆ రోజు ఎందుకు దాచారని. నాకు నీలాగా పేర్చి చెప్పడం రాదు. "చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుతాం కదండీ, అలాగే పిల్లల్ని కూడా సర్దేశాం. బుద్ధి తక్కువ పని. ఇప్పుడా గదికి గొళ్ళెం లేదు, చూడండి" అన్నాను. చూసింది. గొళ్ళెం ఊడిన మేకుల బొక్కల మీద వేలు పెట్టి కూడా చూసింది.

నిన్న జవాబొచ్చింది. ముద్ర మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ వచ్చే తనిఖీలోగా పిల్లలకి భద్రంగా ఉండే చోటు చూపించాలన్నారు. పాత ఆర్డరు కూడా తిరిగొచ్చింది. బేరగాడు కాగితం పట్టుకుని వస్తే రంగులమ్మ, "తొట్టీ, అయ్యగారికి దారి చూపించు" అంది. తరవాత నా వైపు తిరిగి నాతోనే నేరుగా, "మొహం అలా పెట్టుకున్నావేం, నవ్వొచ్చుగా?" అంది. ఇద్దరం నవ్వుతూ ఏడ్చాం. నువ్వు ఓడినా గెలిచినా నాకు అక్కర్లేదు, నువ్వు ఆ గుమాస్తా ఆఫీసు మెట్లెక్కకపోతే ఈపాటికి ఆ కాగితం మీద నా సంతకం ఉండేది.

ఇప్పుడు కొత్త పేచీ. ముద్ర వల్ల ధర పైన అదనంగా కొంత సొమ్ము వస్తుంది కదా, దేనికి వాడాలో సంఘం అంతా కలిసి చేతులెత్తి నిర్ణయించుకోవాలి. పిల్లలకి గది కట్టాలని తల్లులు అంటున్నారు. పెద్దవాళ్ళేమో గేటు దగ్గర కమాను కట్టి, ముద్ర బొమ్మతో పెద్ద బోర్డు పెట్టాలంటున్నారు, పిల్లలకి ఒక మూల తడిక అడ్డం పెడితే చాలదా అంటున్నారు. వాళ్ళే ఎక్కువమంది. వచ్చే ఆదివారం సమావేశం. నువ్వు రాస్తే అందరికీ చదువుతాను. నోటీసులా ఉన్నా సరే.

నీ పిన్ని


హాస్టలు
ఉదయం, తిరుగు టపాలో

షెడ్డులోని పెద్దమ్మకు, పిన్నులకు, అక్కలకు,

పిన్ని ఈ ఉత్తరం చదువుతుండగా ఎవరూ లేచి వెళ్ళకండి. నేను ఎదురుగా లేను, కాబట్టి మీరు నన్ను తిట్టినా నేను అందుకోలేను. ఆ లాభం మీదే.

ముద్ర నిలిచిందని తెలిసి నేను ఈ హాస్టలు మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని బిగ్గరగా నవ్వాను. దారినపోయేవాళ్ళు పరీక్ష పోయిందనుకున్నారు. ఆ ఆనందం మీది. దాన్ని ఊరికి చూపించుకోవాలన్న కోరిక న్యాయమైనదే. బోర్డు పెట్టుకోవాలన్నవారిని నేను వెక్కిరించను. ఎన్నో ఏళ్ళు మీ పని మీద మరొకడి పాదముద్ర పడింది, ఇప్పుడు మీ పేరు పడాలనుకోవడంలో తప్పేముంది?

కాని ఒక్క మాట అడుగుతాను. ఆ బోర్డు ఎవరికి చెబుతుంది, ఏమని చెబుతుంది? ఇక్కడ న్యాయం జరుగుతోందని చెబుతుంది. మీ బుట్ట కొనేవాడు కూడా అదే నమ్మి, తృప్తిగా ఇంటికి పోతాడు. వాడు చెల్లించిన ధరలో గడ్డి ఉంది, రంగు ఉంది, మీ వేళ్ళ నొప్పి ఉంది. మీరు అల్లుతున్నంతసేపూ మీ బిడ్డలు ఎక్కడున్నారన్నది మాత్రం ఆ ధరలో లేదు. అది వాడు మరిచిపోవడం వల్ల జరిగింది కాదు, మనం ఎప్పుడూ చెప్పకపోవడం వల్ల జరిగింది. పిల్లలను చూసుకోవడం ఖర్చు కాదనీ, అది తల్లులు గాలిలోంచి తెచ్చి ఇచ్చేదనీ మనమే ఒప్పుకున్నాం. న్యాయమైన ధర ఆకాశం నుంచి రాదు. అడిగినవాళ్ళు అడిగినంత మేరకే అది న్యాయంగా ఉంటుంది.

ఆ అదనపు సొమ్ము ఎవరో జాలిపడి వేసిన ముష్టి కాదు. మీ పనిలోంచి పుట్టింది. దానితో గది కట్టండి. మూలన తడిక కాదు, గది: కిటికీలున్నది, పొయ్యికి దూరంగా ఉన్నది, లోపలి నుంచీ తెరుచుకునే తలుపున్నది. అందులో పిల్లలను కనిపెట్టుకుని ఉండే మనిషిని మీలోంచే ఎంచుకోండి. ఆవిడ జీతాన్ని వచ్చే ఆర్డరు ధరలో కలపమని కొనేవాళ్ళకు రాయండి. కాదంటే కారణం అడగండి. ఆ ఉత్తరం నేను రాసిపెడతాను, సంతకాలు మాత్రం మీవే కావాలి.

'మా పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, మాకెందుకు?' అని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. వాళ్ళతోనే నా పని. చిన్నబిడ్డలున్న తల్లి తన బిడ్డ కోసం చెయ్యెత్తితే అది అవసరం. మీరు ఎత్తితేనే అది సంఘం. అందుకే ఈ ఓటు మామూలు వరసలో జరగకూడదని కోరుతున్నాను.

పిన్నీ, ఈ చివరి ముక్కలు చదివి తలెత్తి చూడు. తల్లులారా, మీరు చేతులు ఒళ్ళోనే ఉంచుకోండి, తొందరపడకండి. పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయినవారు, మనవలు దూరాన ఉన్నవారు, అసలు పిల్లలే లేనివారు, ముందుగా మీరు ఎత్తండి. గది కోసం, ఇప్పుడే, అందరికీ కనబడేలా, చెయ్యి పైకెత్తండి.